పతకం అందుకునే చేతులు

హైదరాబాద్ నుంచి భద్రాచలం వెళ్ళే బస్సు సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా పోతుంది. కోయ స్త్రీల మౌఖిక కథనాల కోసం ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. సూర్యాపేట రాగానే బస్సులో ఎవరో ఒకరు పక్కవాళ్ళకి చెబుతుంటారు, కల్నల్ సంతోష్‌బాబుది ఈ ఊరేనని. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో చనిపోయిన 20 మందిలో ఆయన ఒకరు. 16 బీహార్ పదాతిదళానికి కమాండింగ్ అధికారి. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివినవాడు. ఆ రాత్రి తుపాకి పేలలేదు. రాళ్ళతో, కర్రలతో, మేకులు బిగించిన కడ్డీలతో కొట్టుకున్నారు. 2021 గణతంత్ర దినం సందర్భంగా ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. అదే ఏడాది నవంబర్‌లో ఆయన భార్య సంతోషి, తల్లి మంజుల రాష్ట్రపతి భవన్‌కు వెళ్ళి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా దాన్ని అందుకున్నారు.

ఆ ఫొటో పత్రికలో చూసినప్పుడు నేను చేసిన పని ఒకటి చెప్పుకోవాలి. నా చూపు ముందుగా పతకం మీదికి పోలేదు. ఆమె నుదుటి మీదికి పోయింది. అక్కడి నుంచి మెడకి, మెడ నుంచి చేతులకి. బొట్టుందా, గాజులున్నాయా అని చూశాను. స్త్రీల సాహిత్యం మీద డాక్టరేట్ చేసి, పితృస్వామ్యం గురించి ఎన్నో సదస్సుల్లో మాట్లాడిన దాన్ని. అయినా నా కళ్ళు ఊరి కళ్ళలాగే పని చేశాయి. ఏం కనిపించిందో ఇక్కడ రాయను. అలా చూడడానికి నాకు హక్కు లేదు, దాన్ని రాసి ఇంకొకరిని చూడమనడానికి అసలే లేదు. కానీ ఆ చూపు దగ్గర నాకొక ప్రశ్న మిగిలిపోయింది. ధైర్యం చేసిన మనిషి లేడు. పతకం మాత్రం వచ్చింది, ఒక స్త్రీ చేతికి. ధైర్యం ఆస్తిలాగా వారసత్వంగా వచ్చేదేనా? కాకపోతే ఆ చేతులు నిజంగా అందుకున్నదేమిటి?

*

ముందు మాటల సంగతి చూద్దాం. మరణించిన సైనికుడి భార్యను మన సైన్యం ‘వీర్ నారీ’ అంటుంది. ‘వితంతువు’ అనడం కంటే గౌరవంగా ఉంటుందని ఆ మాట ఎంచుకుని ఉంటారు. ఆ సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు. కానీ తెలుగులో వీరనారి అనే మాటకి మరో చరిత్ర ఉంది. రుద్రమ వీరనారి. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంట తాను కోసుకుని ఇంటికి చేర్చుకున్న పాలకుర్తి ఐలమ్మ వీరనారి. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టినప్పుడు మనందరం సంతోషించింది ఆ పాత అర్థానికే. అది ఆమె చేసిన పనికి జనం ఇచ్చిన బిరుదు. సైన్యం వాడే మాటలో స్త్రీ చేసిన పని ఏదీ లేదు. ఆమెకు జరిగినది ఉంది. ఒకే మాట ఒకచోట కర్తకి, ఇంకొకచోట బాధితురాలికి అంటుకుంది. ఈ తేడా గమనించకుండానే మనం రెండు చోట్లా చప్పట్లు కొడుతున్నాం.

ధైర్యానికి మన భాషలో ఉన్న పేర్లు కూడా అమాయకమైనవి కావు. పౌరుషం పురుషుడిలోంచి వచ్చింది. పిరికివాణ్ణి వెక్కిరించాలంటే ‘గాజులు తొడుక్కుని కూర్చో’ అంటాం. ఆ సామెత నోట్లో ఆడుతున్న ఊళ్ళోనే ధైర్యవంతుడు చనిపోతే, అతని భార్య చేతి గాజులు పగలగొడతారు. ఆ ఖాళీ చేతుల్లో రాజ్యం పతకం పెడుతుంది.

ఈ ఇబ్బంది మనకొక్కరికే కాదు. గ్రీకులో ధైర్యాన్ని ‘ఆండ్రెయా’ అంటారు, మగవాడనే మాటలోంచే. ప్లేటో రాసిన ‘లాకేస్’ సంభాషణలో సోక్రటీసు ఇద్దరు సేనానులను ధైర్యమంటే ఏమిటని అడుగుతాడు. బెదరకుండా తన వరుసలో నిలబడి శత్రువుతో పోరాడడమే అంటాడు లాకేస్. మరి రోగంలో, పేదరికంలో, సముద్రం మీద ఆపదలో నిలబడేవాళ్ళ మాటేమిటని సోక్రటీసు మళ్ళీ అడుగుతాడు. చివరికి ఏదీ తేలకుండానే ఆ సంభాషణ ముగుస్తుంది. రెండువేల మూడువందల ఏళ్ళు దాటినా మన పతకాల నిర్వచనం మాత్రం లాకేస్ మొదటి జవాబు దగ్గరే ఎక్కువగా ఆగింది. ఇప్పటిదాకా పరమవీర చక్ర పొందిన 21 మందీ మగవాళ్ళే. పదాతిదళంలోకి స్త్రీలను తీసుకోనప్పుడు ఇందులో ఆశ్చర్యమేముంది? అశోకచక్ర పొందిన స్త్రీలు ఇద్దరు మనకు గుర్తుంటారు. 1986లో కరాచీ విమానాశ్రయంలో హైజాక్ అయిన విమానంలోని ప్రయాణికులను కాపాడుతూ చనిపోయిన నీరజా భానోత్, 2001లో పార్లమెంటు గేటు దగ్గర చనిపోయిన కానిస్టేబుల్ కమలేష్ కుమారి. మిగిలిన కథలో స్త్రీ స్థానం వేదిక మీద, అందుకునే చోట.

*

మా పెద్దమ్మ ఇంట్లో ఒక పతకం ఉంది. ఆమె మొదటి భర్త సిపాయి, 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దులో చనిపోయాడు. అది శౌర్య పతకం కాదు, ఆ యుద్ధంలో పశ్చిమ సరిహద్దులో పాల్గొన్నవాళ్ళకు ఇచ్చే పశ్చిమీ స్టార్. అప్పుడు పెద్దమ్మకు 19 ఏళ్ళు. ఏడాది తిరిగేసరికి వైరా దగ్గర మా ఊళ్ళో పెద్దలు కూర్చుని ఆమెను మరిదికిచ్చి కట్టబెట్టారు. పిల్ల గడప దాటితే పింఛను గడప దాటుతుందన్నది వాళ్ళ లెక్క. ఆ మరిది ఆమెకంటే రెండేళ్ళు చిన్న. అప్పటిదాకా ‘ఒరేయ్’ అని పిలిచేది. తాళి కట్టిన తర్వాత ఏమని పిలవాలో తెలియక చాలాకాలం అసలు పిలవడమే మానేసిందట. ఊళ్ళో మాత్రం ఆమెది ఒకటే పేరు, ధైర్యం గల మనిషి. ఒకసారి నేనూ అదే మాటంటే, ‘ధైర్యమెక్కడిదే, ఏడవటానికి చోటు లేక ఊరుకున్నా’ అంది.

ఇదంతా మా ఊరి వెనకబాటుతనం అనుకునేదాన్ని. తర్వాత శౌర్య పతకాల నిబంధనలు చదివాను. ఈ పతకాలతోపాటు నెలనెలా కొంత భత్యం వస్తుంది. గ్రహీత చనిపోతే అది భార్యకు వస్తుంది. 1972 నాటి ఉత్తర్వులను 1995లో సవరించారు. వాటి ప్రకారం ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ భత్యం ఆగిపోతుంది. కానీ చనిపోయిన భర్త సోదరుణ్ణే చేసుకుంటే ఆగదు! రక్షణ మంత్రిత్వ శాఖ ఈ షరతును తీసేసింది 2017 నవంబర్‌లో. అంటే నేను విశ్వవిద్యాలయంలో స్త్రీవాద సిద్ధాంతాలు చదువుకుంటున్న రోజుల్లో కూడా దేశపు అత్యున్నత శౌర్యానికి జతచేసిన చిన్న అక్షరాల్లో, మా ఊరి పెద్దల తీర్మానమే చట్టంగా ఉంది. మా పెద్దలకు ఆ కాగితాలు తెలియవు. కాగితాలు రాసినవాళ్ళకు మా ఊరు తెలియదు. ఇద్దరూ ఒకేలా ఆలోచించారు. వీరుడి భార్య వీరుడి ఇంటి సొత్తు.

షరతు పోయింది. దాని వెనకున్న భావజాలం పోయిందా? సియాచిన్ మంటల్లో చనిపోయిన కెప్టెన్ అంశుమాన్ సింగ్ కీర్తిచక్రను 2024 జులైలో ఆయన భార్య, తల్లి కలిసి అందుకున్నారు. కొన్ని రోజులకే కోడలు పతకం తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయిందని, ‘దగ్గరి బంధువు’ నిర్వచనాన్ని మార్చాలని తల్లిదండ్రులు అన్నారు. కొడుకును పోగొట్టుకున్న తల్లి బాధ నాకర్థమవుతుంది. ఆమె కూడా స్త్రీయే, ఆమె చేతులూ ఖాళీయే. కానీ దేశంలో ఎంతమంది ఆ పిల్ల మీద తీర్పు చెప్పారో చూడండి. నిన్నటిదాకా వీర్ నారీ అన్న నోళ్ళే. ఒకడు ఆమె ఫొటో మీద రాసిన అసభ్యమైన మాటకు జాతీయ మహిళా కమిషన్ పోలీసులకు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది.

వీరుల రుణం తీర్చుకోలేనిదని మంత్రులు అంటుంటారు. ఆ మాట నిజాయితీగా తీసుకుందాం. రుణం మనదే. కానీ వడ్డీ ఎవరు కడుతున్నారు? ఆమె ఎలా ఉండాలో, ఎక్కడ ఉండాలో, ఎంతకాలం ఏడవాలో, ఎప్పుడు నవ్వకూడదో చూస్తూ ఆమె నడత నుంచి వసూలు చేస్తున్నది మనమే. అప్పుపడినవాళ్ళు అప్పిచ్చినవాళ్ళలాగా ప్రవర్తిస్తున్నాం.

న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. సంతోషిగారికి తెలంగాణ ప్రభుత్వం 2020 జులైలో డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. పతకం కంటే నాకు ఆ నియామక పత్రమే పెద్ద గౌరవంగా కనిపిస్తుంది. అందులో ఆమె పేరు మీద ఆమె చేయాల్సిన పని ఉంది, సంతకం పెట్టే చెయ్యి ఉంది. అయితే సిపాయిల భార్యలు ఎందరికి ఇది దక్కింది? అదే రాత్రి చనిపోయిన మిగతా 19 మంది ఇళ్ళలోనూ స్త్రీలున్నారు. పతకాల్లో పరమ, మహా అని తరగతులున్నట్టే దుఃఖానికీ తరగతులు ఏర్పడతాయి. పరమవీర చక్ర ఇచ్చి ఉండాల్సిందని సంతోష్‌బాబు తండ్రి ఉపేందర్ అప్పట్లో అన్నారు. తప్పు పట్టలేను. మెట్లు కట్టింది రాజ్యం, కొడుకు ఏ మెట్టు మీద ఉన్నాడో తండ్రి చూసుకున్నాడు.

*

పరమవీర చక్ర రూపకల్పన చేసింది ఒక స్త్రీ. స్విస్ మూలాలున్న ఈవ్, మరాఠీ సైనికాధికారి విక్రమ్ ఖనోల్కర్‌ను పెళ్ళాడి సావిత్రీబాయి అయింది. పురాణాలు బాగా చదువుకుంది. పతకం మీద ఇంద్రుడి వజ్రాయుధాన్ని నాలుగు వైపులా చెక్కించింది. ఆ వజ్రాయుధం దధీచి ఎముకలతో చేసింది కదా! లోకం కోసం వెన్నెముక ఇచ్చేసిన మహర్షి. త్యాగానికి ఇంతకంటే మంచి గుర్తు దొరకదు.

దధీచి కథ మనందరికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. అతని భార్య సువర్చ కథ లేదు. శివపురాణం చెప్పిన ప్రకారం దేవతలు ఎముకలు అడగడానికి వచ్చినప్పుడు మహర్షి ఆమెను అక్కడ ఉండనివ్వలేదు. ఆమె తిరిగొచ్చేసరికి భర్త లేడు, ఎముకలూ లేవు. ఆమె దేవతలను శపించింది, పశువులై పొమ్మని. చితి పేర్చుకుంటుంటే, నీ కడుపులో బిడ్డ ఉందని ఆకాశవాణి పలికింది. ఆమె రాతితో కడుపు చీల్చుకుని బిడ్డను రావిచెట్టు కింద పెట్టి వెళ్ళిపోయింది. ఆ బిడ్డే పిప్పలాదుడు. ఆమె చితి ఎక్కడాన్ని నేను గొప్పగా చెప్పడం లేదు. నన్ను ఆపింది ఆ శాపం. లోకకల్యాణం జరిగిపోయింది, వృత్రుడు చావబోతున్నాడు, అందరూ దధీచిని కీర్తిస్తున్నారు. ఆ సమయంలో ఒక స్త్రీ, నన్నెవరూ అడగలేదని అంది. పతకం మీద వజ్రం ఉంది, శాపం లేదు. సువర్చ రాష్ట్రపతి భవన్‌కి వచ్చి ఉంటే మనం ఆమెను ఎక్కడ కూర్చోబెట్టేవాళ్ళం?

దీనికి పక్కనే పెట్టి చూడాల్సిన ఉత్తరం ఒకటుంది. మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్ నుంచి వెళ్ళినవాడు, 2 రాజ్‌పుతానా రైఫిల్స్ అధికారి. 1999 జూన్ 28న కార్గిల్‌లో లోన్ హిల్ మీద చనిపోయాడు. మహావీర చక్ర వచ్చింది. అప్పటికి భార్య చారులత గర్భవతి. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, చారుకు రోజూ మహాభారతం నుంచి ఒక కథ చెప్పమని కోరాడు, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బుతాయని. ఈ ఉత్తరం చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. విమర్శకురాలిగా నాలో ఒక గొంతు, గర్భం ఇక్కడ సందేశం చేరవేసే పాత్ర అయిందని అంటుంది. నిజమే. మరో గొంతు, చావు ముందు కూర్చున్న మనిషి తన ఇంటి స్త్రీకి రోజుకొక కథ చెప్పించాలనుకున్నాడు, ఇంతకంటే సున్నితమైన కోరిక ఏముంటుందని అంటుంది. అదీ నిజమే. ఈ రెండింటిలో ఒకదాన్ని నొక్కేస్తే తప్ప ముందుకు సాగని సిద్ధాంతం నాకొద్దు. బిడ్డ పుట్టింది, అపరాజిత. పెద్దదై తండ్రి గురించి పుస్తకం రాసింది. పతకం అందుకునే స్థానం నుంచి కథ చెప్పే స్థానానికి వచ్చింది.

*

బస్సు కొత్తగూడెం దాటి, గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరాక, అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల మండలాల దారి అడవిలోకి పోతుంది. అవతల ఛత్తీస్‌గఢ్. ఇక్కడికి వస్తే పతకాల లెక్క ఇంకా చిక్కుపడుతుంది.

మన శౌర్య పతకాలు రెండు వరసలు. ‘శత్రువు సమక్షంలో’ చూపిన ధైర్యానికి పరమవీర, మహావీర, వీర చక్రలు, 1950 జనవరి 26న నెలకొల్పినవి. శత్రువు లేని సందర్భాల్లో చూపిన ధైర్యానికి అశోకచక్ర, కీర్తిచక్ర, శౌర్యచక్ర. ఈ వరస 1952లో మొదలైంది. గల్వాన్‌లో యుద్ధం ప్రకటించలేదు, అయినా ఇచ్చింది మొదటి వరస పతకం. భద్రాచలం సరిహద్దు అడవిలో దశాబ్దాలుగా తుపాకులు పేలాయి, ఇక్కడిచ్చేది రెండో వరస పతకం. గ్రేహౌండ్స్ సబ్‌ఇన్‌స్పెక్టర్ కె. ప్రసాద్‌బాబు 2013 ఏప్రిల్‌లో ఈ సరిహద్దు అడవుల్లో మావోయిస్టులతో పోరులో చనిపోయారు. 2014 గణతంత్ర దినాన ఆయన తండ్రి అశోకచక్ర అందుకున్నారు. అంటే అవతలివాళ్ళు శత్రువు కాదు, పౌరులు. నిబంధన రాసినవాళ్ళకు తెలిసో తెలియకో అందులో ఒక నైతిక ఒప్పుకోలు ఉంది. ఈ అడవిలో చంపినవాళ్ళూ చచ్చినవాళ్ళూ మనవాళ్ళేనని పతకమే చెబుతోంది. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల్లో జరిగిన ఆపరేషన్‌లో 31 మంది మావోయిస్టులు చనిపోయారని, వాళ్ళలో 16 మంది స్త్రీలని అధికారులు ప్రకటించారు. వాళ్ళ రాజకీయాలను నేను సమర్థించను. కానీ ఆ 16 మంది తల్లులు ఏ జాబితాలోకి వస్తారన్న ప్రశ్న నన్ను వదలదు.

చర్ల వైపు ఒక గూడెంలో నాకు ఇద్దరు స్త్రీలు పక్కపక్క ఇళ్ళలో కనిపించారు. ఒకామె భర్తను ‘ఇన్ఫార్మర్’ అని అన్నలు చంపారు. శవం ఊరి బయట ఉంటే తానే వెళ్ళి తెచ్చుకుంది. ఇంకొకామె కొడుకును ఒక రాత్రి పట్టుకుపోయారు. ఆమె ఏడు రోజులు నడిచి వెళ్ళి స్టేషన్ ముందు కూర్చుని కొడుకును తెచ్చుకుంది. భయం వేయలేదా అని అడిగాను. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి నా ప్రశ్నను కోయలోకి మార్చి చెప్పింది. జవాబు తెలుగులో ఇలా వచ్చింది: ‘భయమైంది. పోకపోతే ఎట్ల?’ ఆ ఇద్దరూ ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుంటారు. ఒకరి పిల్లలకు ఇంకొకరు అన్నం పెడతారు. ఒకరిని బాధపెట్టినవాళ్ళకు ఇంకొకరు మనుషులని ఎవరైనా అనుకోగల చోట, అలా అనుకోకుండా బతకడం మామూలు విషయమా? లాకేస్ ఈ గూడెంలో తన వరుస ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఈ అడవికి తన వీరనారి ఉంది. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం వచ్చి పడితే భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పోయారు. కొడుకు జంపన్న సంపెంగవాగులో పడి చనిపోయాడు, అదే జంపన్నవాగయింది. సమ్మక్క మాత్రం పోరాడుతూనే ఉంది. గాయపడి చిలకలగుట్ట వైపు నడిచి వెళ్ళి కనిపించకుండా పోయింది. వెతికినవాళ్ళకు పుట్ట దగ్గర కుంకుమ భరిణ దొరికింది. మేడారంలో రెండేళ్ళకోసారి గుట్ట మీది నుంచి ఆ కుంకుమ భరిణనే గద్దెకు తెస్తారు. చూడండి, ఆమె భర్త పోయినవాడే. సైన్యం భాషలో వీర్ నారీ, ఊరి భాషలో కుంకుమ లేనిది. కోయవాళ్ళ కథలో ఆమే కుంకుమ అయింది. ఆమె నుదుటి మీద ఏముందని చూసే అవకాశం ఎవరికీ లేదు.

శౌర్య పతకాలు వద్దని నేననను. ఇతరుల కోసం ప్రాణం ఇచ్చిన మనిషిని గుర్తుపెట్టుకోవడం ఏ సమాజానికైనా కనీస మర్యాద. నా అభ్యంతరం ఒక్కటే. పతకం ఇచ్చి ఆ స్త్రీతో మన మాటలు ముగిసిపోయాయనుకుంటున్నాం. ఆయన ధైర్యం ఆయనది. ఆమెకు రాదు, రానక్కర్లేదు. ఆమె ధైర్యం ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది. దానికి సాక్షులు కావలసింది మనం, కాపలాదారులమయ్యాం.

కిందటిసారి భద్రాచలం నుంచి తిరిగొస్తూ ఖమ్మంలో దిగి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. బీరువాలోంచి పశ్చిమీ స్టార్ తీసి చూపించమన్నాను. బొత్తాలు, సూదులు వేసుకునే డబ్బాలో ఉంది. ఇది ఎవరిది పెద్దమ్మా అని అడిగాను. ‘ఆయనది ఆయనకే. నేనేం చేశానో ఎవరడిగారే?’ అంది. అడవిలో ఎందరి కథలో రాసుకున్నాను, ఈ ఇంట్లో ఒక్కసారీ అడగలేదు. రికార్డర్ తీయలేదు. ఆమె పక్కన మంచం మీద కూర్చుని, ఆ మొదటి రోజు నుంచి చెప్పమని అడిగాను. దీపాలు పెట్టేవేళ దాటినా ఇంకా చెబుతూనే ఉంది.